పేపర్లో పడితే నిజం, బ్లాగులో రాస్తే కాలక్షేపమా?

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా జర్నలిజం విద్యార్థులు, పాఠకుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో అడిగిన ప్రశ్నల్లో రెండింటిని చేర్చాం.)

అందరికీ నమస్కారం.

కరపత్రంలో నా అంశం "బ్లాగులను నమ్మవచ్చా?" అని వేశారు. నేను పేపర్ డెస్కులో, అంటే వార్తలు దిద్దే విభాగంలో, చాలా ఏళ్లు పనిచేశాను, బ్లాగూ రాస్తున్నాను. కాబట్టి ఇద్దరినీ తిట్టడానికి అర్హత ఉందని పిలిచి ఉంటారు. ఆ పని చేసే వెళ్తాను.

ముందు ఈ టేబుల్ మీదున్న పేపరు తీసుకుందాం. మొదటి పేజీ వద్దు, చివరి పేజీ తిప్పండి. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. ముద్రించింది ఎవరు, ఎక్కడ ముద్రించారు, ప్రచురణకర్త ఎవరు, సంపాదకుడు ఎవరు అని. కొన్నింట్లో సంపాదకుడి పేరు పక్కన "పీఆర్‌బీ చట్టం ప్రకారం వార్తల ఎంపికకు బాధ్యులు" అని కూడా ఉంటుంది. డెస్కులో దాన్ని ఇంప్రింట్ లైన్ అంటాం. పీఆర్‌బీ అంటే ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ బుక్స్, తెల్లవాడు 1867లో పెట్టిన చట్టం అది. దాని స్థానంలో 2023లో కొత్త చట్టం చేశారు, కానీ ఎవరిదీ బాధ్యత అని పేపరు మీద అచ్చు వేయడం మాత్రం పోలేదు. బ్రిటిష్ వాళ్లు దాన్ని మన మీద ప్రేమతో పెట్టలేదు, రాజద్రోహం రాతలు రాసినవాణ్ని వెతుక్కోవడానికి ఒక అడ్రసు కావాలని పెట్టారు. ఆ అడ్రసే తర్వాత పాఠకుడికి పనికొచ్చింది. మీ గురించి తప్పు రాస్తే ఎవరికి నోటీసు పంపాలో ఆ లైను చెబుతుంది.

బ్లాగుకు ఇంప్రింట్ లైన్ లేదు. "బ్లాగుల్ని ఎలా నమ్ముతాం" అనే ప్రశ్న అసలు పుట్టింది ఇక్కడే. రాసినవాడు రేపు టపా, అంటే బ్లాగులో పెట్టిన రాత, తీసేసి వెళ్లిపోతే పట్టుకునేదెవర్ని? న్యాయమైన ప్రశ్నే. అయితే అడ్రసు ఉంది కాబట్టి రాసింది నిజమైపోతుందా? దీనికి రెండు మూడు సంగతులు చెబుతాను.

2004లో అమెరికా అధ్యక్ష ఎన్నికలు. సెప్టెంబరు 8 రాత్రి సీబీఎస్ ఛానల్ తన పేరుమోసిన కార్యక్రమంలో కొన్ని కాగితాలు చూపించింది. అప్పటి అధ్యక్షుడు జార్జి బుష్ కుర్రతనంలో నేషనల్ గార్డ్ అనే రిజర్వు సైనిక దళంలో ఉన్నప్పుడు డ్యూటీ ఎగ్గొట్టాడని, పైనుంచి ఒత్తిళ్లు వచ్చాయని ఆయన పైఅధికారి 1972, 73ల్లో రాసుకున్న మెమోలని చెప్పింది. ఆ అధికారి 1984లోనే పోయాడు. చదివింది డాన్ రాథర్. అమెరికాలో ఇంటింటికీ తెలిసిన ముఖం.

కార్యక్రమం అయిన కొన్ని గంటల్లోనే ఇంటర్నెట్‌లో ఒకాయన ఒక సందేహం లేవదీశాడు. ఈ కాగితాల్లో అక్షరాల వెడల్పు ఒక్కటిగా లేదేంటి అని. ఆ రోజుల్లో ఆఫీసుల్లో వాడిన మామూలు టైప్‌రైటర్ మీద సన్నటి అక్షరానికీ, వెడల్పాటి అక్షరానికీ ఒకే జాగా పడుతుంది. ఇక్కడ మాత్రం అచ్చు పుస్తకంలో లాగా సర్దుకుని ఉన్నాయి. తెల్లారేసరికి బ్లాగర్లు దాని మీద పడ్డారు. ఒకాయన ఒక మెమోను తన కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో, సెట్టింగులేవీ మార్చకుండా, మక్కికి మక్కి టైపు చేశాడు. దాన్ని ఛానల్ చూపించిన కాగితం మీద పెట్టి చూస్తే వరసకు వరస, అక్షరానికి అక్షరం కలిసిపోయింది. ఆ బొమ్మ తన బ్లాగులో పెట్టాడు. నేను చెప్పేది నమ్మండి అని అడగలేదు. మీ ఇంట్లో కంప్యూటర్ ఉంటే మీరూ టైపు చేసి చూసుకోండన్నట్టుగా పెట్టాడు.

సీబీఎస్ వాళ్లు మొదట్లో కొట్టిపారేశారు. అక్కడ ఇంతకుముందు పెద్ద పదవిలో పనిచేసిన ఒకాయన, అంచెలంచెలుగా సరిచూసుకునే మా వ్యవస్థ ఎక్కడ, పైజామాలో ఇంట్లో కూర్చుని రాసేవాడెక్కడ అన్నాడు. సెప్టెంబరు 20న ఛానల్ తప్పు ఒప్పుకుంది, ఆ కాగితాలు అసలైనవని రుజువు చేయలేమని. మర్నాడు జనవరిలో విచారణ నివేదిక వచ్చింది... అదే, మరుసటి ఏడాది జనవరిలో. ప్రొడ్యూసర్ ఉద్యోగం పోయింది. మార్చిలో రాథర్ యాంకర్ కుర్చీ దిగిపోయారు.

ఈ కథను బ్లాగర్లు విజయగాథలా చెప్పుకుంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. ఎందుకంటే ఆ గొడవలో బ్లాగర్లు రాసినవాటిలోనూ తప్పులున్నాయి. ఆ కాలంలో అలా సర్దుకునే టైప్‌రైటరే లేదని కొందరు బల్లగుద్ది రాశారు. ఉంది. ఐబీఎం ఎగ్జిక్యూటివ్ అనే యంత్రం 1940ల నుంచే ఉంది. పైగా ఆ కాగితాల మీద పడినవాళ్లలో ఎక్కువమంది బుష్ పక్షంవాళ్లే. అవతలి పక్షం అభ్యర్థి మీద కాగితాలొస్తే అంత శ్రద్ధగా అక్షరాల వెడల్పు కొలిచేవాళ్లా? నాకు అనుమానమే. అయినా ఒక్క పని మాత్రం వాళ్లు సరిగ్గా చేశారు. ఆధారం పాఠకుడి చేతిలో పెట్టారు. టీవీ వాళ్లు, మా నిపుణులు చూశారు, మీరు నమ్మండి అన్నారు. ఆ తేడా గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

అమెరికా ఎందుకమ్మా, మన సంగతి చెప్పమంటారేమో. చెబుతాను.

2005 నాటికి ఇంగ్లీషు పేపరు ఏది తెరిచినా ఐఐపీఎం అనే మేనేజ్‌మెంట్ సంస్థ ఫుల్ పేజీ ప్రకటన ఉండేది. ఐఐఎంలను మించి ఆలోచించే దమ్ముందా అన్న ధోరణిలో. ఆ ప్రకటనల్లో చెప్పుకుంటున్న గొప్పల్లో నిజమెంత అని ఒక పెద్ద పేపరు కూడా అడగలేదు. అడిగింది జామ్ అనే చిన్న యువత పత్రిక. దాన్ని నడిపే రశ్మి బన్సల్ బృందం ప్రకటనలోని ఒక్కో మాటా తీసుకుని వాస్తవంతో పోల్చి రాసింది. గౌరవ్ సబ్నీస్ అనే కుర్రాడు, ఐబీఎంలో ఉద్యోగం, తన బ్లాగులో దానికి లింకు ఇచ్చి నాలుగు మాటలు రాశాడు. అంతే. లీగల్ నోటీసు వచ్చింది. ఆ సంస్థ ఐబీఎం ల్యాప్‌టాప్‌లు కొనే కస్టమరు. విద్యార్థులు ఐబీఎం ఆఫీసు ముందు ల్యాప్‌టాప్‌లు తగలబెడతారని కంపెనీ దాకా బెదిరింపు వెళ్లింది. ఆ కుర్రాడు టపా తీయలేదు, తన వల్ల కంపెనీకి ఇబ్బంది ఎందుకని ఉద్యోగానికి రాజీనామా చేశాడు. 2005 అక్టోబరు సంగతి ఇది. దేశమంతా బ్లాగర్లు దాన్ని ఎత్తుకున్నాక అప్పుడు పేపర్లు రాయడం మొదలుపెట్టాయి, అదీ "బ్లాగర్‌కూ సంస్థకూ వివాదం" అని.

ఆ తర్వాతిది ఇంకా చిత్రం. 2013 ఫిబ్రవరిలో గ్వాలియర్ కోర్టు ఉత్తర్వు తెచ్చి ఆ సంస్థకు వ్యతిరేకంగా ఉన్న 73 వెబ్ పేజీలను దేశంలో కనబడకుండా చేయించారు. అందులో యూజీసీ పేజీ కూడా ఒకటి. ఆ సంస్థ విశ్వవిద్యాలయం కాదు, డిగ్రీలిచ్చే అధికారం లేదని సాక్షాత్తూ ప్రభుత్వ సంస్థ పెట్టిన బహిరంగ ప్రకటన! చివరికి 2014లో ఢిల్లీ హైకోర్టు, ఎంబీఏ, బీబీఏ లాంటి మాటలు వాడొద్దని వాళ్లను ఆదేశించింది. ఒక చిన్న పత్రిక, ఒక బ్లాగు అడిగినదానికీ కోర్టు తీర్పుకూ మధ్య తొమ్మిదేళ్లు గడిచాయి. ఈలోపు ఎంతమంది తండ్రులు ఆ ఫుల్ పేజీ చూసి ఫీజు కట్టి ఉంటారో ఆలోచించండి. "పేపర్లో వేశారండీ" అనుకునే కట్టి ఉంటారు. ప్రకటనా వార్తా పక్కపక్కనే ఒకే కాగితం మీద ఉంటాయి, ఒకదాని పరువు రెండోదానికి అంటుకుంటుంది.

అక్కడ కనీసం ప్రకటన ప్రకటనలా ఉంది. 2009 ఎన్నికల్లో ఆ తెర కూడా తీసేసి, డబ్బు తీసుకుని ప్రచారాన్నే వార్తలుగా వేశారన్న ఆరోపణలొచ్చాయి. మహారాష్ట్రలో ముఖ్యమంత్రిని ఆకాశానికెత్తే ఒకే వ్యాసం పోటీ పత్రికల్లో అక్షరం తేడా లేకుండా వచ్చింది. రెండింట్లో వేర్వేరు బైలైన్లతో, అంటే రాసినవాళ్ల పేర్లు వేరుగా. దాన్ని బయటపెట్టింది పి. సాయినాథ్, ది హిందూలో. పేపరు బాగోతాన్ని పేపరే బయటపెట్టిందన్నమాట, అదీ మర్చిపోవద్దు. ఈ డబ్బు వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఒక కమిటీ వేసింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, ఇంకొకరు మన తెలుగు జర్నలిస్టు నాయకుడు కె. శ్రీనివాసరెడ్డి. 2010లో వాళ్లు 71 పేజీల నివేదిక ఇచ్చారు, పేర్లతో సహా. కౌన్సిల్ ఏం చేసింది? పేర్లు లేకుండా చిన్న సారాంశం ఆమోదించి, పూర్తి నివేదికను పక్కన పెట్టింది. సమాచార కమిషన్ ఆదేశిస్తే 2011లో గానీ అది బయటికి రాలేదు. ప్రెస్ కౌన్సిల్‌కు మందలించే అధికారమే తప్ప జరిమానా వేసే అధికారం లేదు. ఈసారి మందలించడానికి కూడా మొహమాటపడింది.

మన రాష్ట్రాల్లో ఏ పేపరు ఏ పార్టీవైపో కిళ్లీ కొట్టు దగ్గర అడిగినా చెబుతారు. అందుకే కాస్త తెలిసిన పాఠకులు రెండు పేపర్లు తెప్పించుకుని, ఒకటి వదిలేసింది రెండోదాంట్లో వెతుక్కుంటారు. మా ఇంట్లోనూ అంతే. నెలకు రెండు బిల్లులు.

సరే, పేపర్లను తిట్టాను, ఇప్పుడు అవతలివైపు. 2010 జనవరి మీలో పెద్దవాళ్లకు గుర్తుండాలి. రాజశేఖరరెడ్డిగారు 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. నాలుగు నెలల తర్వాత ఒక సాయంత్రం ఒక తెలుగు ఛానల్, ఆయన మరణం వెనక కుట్ర ఉందంటూ ఒక పెద్ద వ్యాపార సంస్థ పేరు చెప్పి కథనం వేసింది. ఆధారం ఏమిటి? మనవాళ్లెవరూ పేరు కూడా వినని ఒక విదేశీ వెబ్‌సైట్‌లో నెలల కిందట పడిన రాత. అంతే. ఎవరినీ అడగలేదు, ఏ కాగితమూ లేదు. ఒకరు వేయగానే మిగతా ఛానళ్లు వెనకబడతామని ఎత్తుకున్నాయి. ఆ రాత్రి ఊళ్లలో ఆ సంస్థ దుకాణాలు, పెట్రోలు బంకుల మీద దాడులు జరిగాయి. తర్వాత ఛానల్ జర్నలిస్టులను అరెస్టు చేశారు.

ఇక్కడ తప్పు ఎవరిది? వెబ్‌సైట్‌దా, ఛానల్‌దా? ఆ రాత నెలల తరబడి ఇంటర్నెట్‌లో పడి ఉంది, ఒక్క అద్దం కూడా పగలలేదు. స్క్రోలింగ్‌లో రాగానే పగిలాయి. ఊరూ పేరూ లేని రాతకు ఇంప్రింట్ లైన్ ఉన్నవాడు తన పరువు అప్పిచ్చాడు. నా లెక్కలో ఎక్కువ తప్పు అప్పిచ్చినవాడిదే. ఇది ఆ రోజుతో పోలేదు. ఇవాళ్టికీ ఎవరో ఏదో రాస్తారు, ఒక వెబ్ డెస్కు దాన్ని తిరగరాస్తుంది, మర్నాడు ఇంకొకరు "ఫలానా పత్రిక కథనం ప్రకారం" అని రాస్తారు. మొదటివాడు తిరిగొచ్చి "చూశారా, పేపర్లలో కూడా వచ్చింది" అంటాడు. చక్రం పూర్తయింది, మధ్యలో ఒక్కరూ ఫోనెత్తి ఎవరినీ అడగలేదు.

ఇక తెలుగు బ్లాగులు. ఇక్కడున్న పిల్లలకు ఒక విషయం తెలిసి ఉండదు. 2006, 2007 ప్రాంతంలో మీరు గూగుల్‌లో తెలుగులో ఏదైనా వెతికితే పెద్ద పేపర్లు దొరికేవి కాదు. ఉన్నాయి, రోజూ లక్షల మంది చదువుతున్నారు, వెబ్‌సైట్లూ ఉన్నాయి. కానీ ఒక్కో పేపరుకు ఒక్కో సొంత ఫాంటు. ఆ ఫాంటు దింపుకుంటే తెలుగు కనిపిస్తుంది, లేకపోతే పిచ్చి గుర్తులు. వెతికే యంత్రానికి అది తెలుగే కాదు. వెన్న నాగార్జునగారు చేసిన పద్మ అనే ఉపకరణం ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకుంటే ఆ గుర్తులు యూనికోడ్ తెలుగులోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగని గుర్తుపట్టే పద్ధతిలోకి మారేవి. అది పెట్టుకోవడం తెలిసినవాళ్లు కొద్దిమంది.

అదే సమయంలో వీవెన్‌గారు లేఖిని చేశారు, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చేది. కూడలి అని ఒకచోట బ్లాగులన్నీ కనిపించే ఏర్పాటూ ఆయనదే. ఈ-తెలుగు అనే సంఘం మిత్రులు హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చినవాళ్లకు కంప్యూటర్లో తెలుగు ఎలా రాయాలో చూపించేవారు. బ్లాగర్లు యూనికోడ్‌లో రాశారు. దాంతో ఏమైంది? పేపర్లలో రోజూ అచ్చవుతున్న బోలెడంత తెలుగు కనబడకుండా ఉండిపోయింది, ఒక గృహిణి, ఒక ఇంజనీరు, ఒక మాస్టారు రాసుకున్న తెలుగు మాత్రం వెతికితే దొరికింది. వంట దగ్గర్నుంచి వ్యాకరణం దాకా, ఇంటర్నెట్‌లో తెలుగులో సమాధానం దొరుకుతుందనే అలవాటు మనకు చేసింది వాళ్లు, జీతం తీసుకోకుండా.

బ్లాగుల వల్ల ఉపయోగం అంటే నా ఉద్దేశం ఏమిటో ఒక్కటి దగ్గరగా చూపిస్తాను. మా బంధువుల్లో ఒకాయన రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యారు. మాకు వరసకు బాబాయి. ఆంధ్రా వైపు పొలం కొనేవాళ్లకోసం బ్లాగు రాస్తుంటారు. పేపర్లో భూముల వార్త ఎలా ఉంటుంది? "పోర్టల్‌ను ప్రారంభించిన మంత్రి", "తహసీల్దార్ కార్యాలయం ఎదుట రైతు ఆందోళన". రెండూ వార్తలే, అవసరమే. కానీ రేపు అరెకరం కొనబోయేవాడికి వాటితో పనేముంది? బాబాయి ఏం రాస్తారంటే, ఈసీ (ఆస్తి మీద లావాదేవీల పత్రం) ఒక్కటీ చూసి అడ్వాన్సు ఇవ్వకండి, రిజిస్టరైన లావాదేవీలే అందులో ఉంటాయి, తండ్రి నుంచి నోటిమాటతో వచ్చిన వాటా అందులో కనబడదు. ఈసీలో ఉన్న విస్తీర్ణం, 1-బీలో (భూమి ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డు) ఉన్న విస్తీర్ణం పక్కపక్కన పెట్టుకోండి. తేడా ఉంటే ఎందుకుందో అమ్మేవాణ్ని అడగండి, ఆయన ముఖం చూడండి. అడంగల్‌లో, అంటే సాగు రికార్డులో, సాగు చేస్తున్నవాడి పేరు వేరే ఉంటే ముందు వెళ్లి ఆయనతో మాట్లాడండి. ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి, ఉంటే రిజిస్ట్రేషన్ అవ్వదు, మీ అడ్వాన్సు మాత్రం పోతుంది. ఇది ఏ పేపర్లోనూ సెంటర్ స్ప్రెడ్‌గా రాదు. ఎందుకంటే ఇవాళ కొత్తగా జరిగిందేమీ కాదు. వార్త కాదు, కానీ జనానికి కావలసింది అది.

అదే బాబాయి ఎండాకాలం వచ్చిందంటే షుగరు వ్యాధికి ఆకు పసరు గురించి రాస్తారు. అదే గొంతు, అదే ధీమా, అవే అంకెలు వేసిన పాయింట్లు. భూమి సంగతిలో ఆయన్ని కళ్లు మూసుకుని నమ్మినవాళ్లు ఇదీ నమ్ముతారు. ఇది బ్లాగుల అసలు జబ్బు. పేపర్లో అయితే రెవెన్యూ చూసే విలేకరి చేత ఆరోగ్యం పేజీ రాయించరు. రాయించినా డెస్కులో ఎవరో ఒకరు "డాక్టర్ కోట్ ఏదీ?" అని అడుగుతారు. ఇంట్లో కూర్చుని రాసేవాడిని అడిగేవాడు లేడు. పిన్ని అడుగుతుంది గానీ ఆయన వినరు.

కాబట్టి రచయితకు ఒళ్లు అలిసేలా తెలిసిన పని గురించి రాసినంతవరకూ బ్లాగు పేపరు కంటే మెరుగు. నర్సు వార్డు గురించి, డ్రైవరు డిపో గురించి, రైతు విత్తనం గురించి రాస్తే మనం వెళ్లి రాసినదానికంటే బాగుంటుంది. కానీ వెళ్లి కనుక్కోవలసినది వచ్చేసరికి సీను మారిపోతుంది. రాత్రి పదకొండింటికి ఆసుపత్రి మార్చురీ దగ్గర నిలబడి, చనిపోయినవారి సంఖ్య పోలీసులు ఒకటి, ఆసుపత్రి ఒకటి చెబితే, మూడోసారి అడిగి, పేర్లు రాసుకుని, సరిచూసుకుని పంపేది మండల కంట్రిబ్యూటర్. ఆయనకిచ్చేది లైన్ అకౌంటు డబ్బులు, అచ్చయినన్ని సెంటీమీటర్లకు. పైగా ప్రకటనల టార్గెట్లు. ఏ సర్పంచి దగ్గర ప్రకటన అడుక్కున్నాడో ఆ సర్పంచి మీదే మర్నాడు వార్త రాయాలి. ఆ పరిస్థితిలో కూడా రాసేవాళ్లున్నారు, వాళ్లకు నమస్కారం. ఆయన మానేసిన రోజున ఆ మండలం గురించి వ్యాఖ్యానించడానికి బ్లాగర్లకు కూడా ఏమీ మిగలదు. మేం బ్లాగుల్లో రాసే విశ్లేషణల్లో చాలావాటికి ముడిసరుకు ఆయన పంపిన నాలుగు లైన్లే. ఈ మాట బ్లాగర్ల సమావేశాల్లో అంటే చప్పట్లు పడవు.

పేరు లేకుండా రాసేవాళ్ల గురించి చాలామంది అడుగుతారు. నిజమే, తెలుగు బ్లాగుల్లో వ్యాఖ్యల కింద "అజ్ఞాత" అనే పేరుతో జరిగిన కొట్లాటలు చూసి రాయడమే మానేసిన ఆడవాళ్లు నాకు తెలుసు. ఆ చెత్తను సమర్థించను. కానీ పేపరు కూడా పేరు లేని మాట మీద బాగానే బతుకుతుంది. "విశ్వసనీయ వర్గాల సమాచారం", "పార్టీ వర్గాలు అంటున్నాయి", "చర్చ జరుగుతోంది". ఎవరా వర్గాలు? డెస్కులో కూర్చుని చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఒక్కోసారి ఆ వర్గాలు విలేకరుల టీ బల్ల. పేరు దాచాల్సిన సందర్భాలు ఉంటాయి, ఉద్యోగం పోతుందని భయపడే గుమాస్తా ఉంటాడు. అప్పుడు పేరు దాచినా, ఆయన ఇచ్చిన కాగితం చూపించాలి. పేరూ లేక, కాగితమూ లేక, "తెలిసింది" అని ముగిసే వార్తను నేను ఫార్వర్డ్ మెసేజీతో సమానంగా చూస్తాను. అది ఎంత పెద్ద మాస్ట్‌హెడ్ (మొదటి పేజీ పైనుండే పత్రిక పేరు) కిందున్నా సరే.

ఇంకొకటి. కేసు పడితే పేపరుకు లాయరుంటాడు. బ్లాగర్‌కు ఎవరున్నారు? 2008 ముంబయి దాడుల సమయంలో టీవీ కవరేజీని తిడుతూ ఒక బ్లాగరు రాశాడు. మరుసటి జనవరికల్లా లీగల్ నోటీసు అందుకుని, టపా తీసేసి క్షమాపణ పెట్టాడు. నోటీసు పంపించింది మీడియావాళ్లే. భావ ప్రకటన స్వేచ్ఛ గురించి రోజూ మాట్లాడేవాళ్లు! 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో ఇంటర్నెట్‌లో అభ్యంతరకరంగా రాశారని జైల్లో పెట్టే ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కొట్టేసింది, మంచిదే. పరువునష్టం మాత్రం ఇప్పటికీ నేరమే, పాత శిక్షాస్మృతిలో 499, ఇప్పటి న్యాయ సంహితలో 356. అందుకని బ్లాగర్లు జంకి, పేర్లు మింగేసి, "ఒక ప్రముఖ కాలేజీ" అని రాస్తారు. పాఠకుడు దాన్ని చూసి "ఆధారం లేదు కాబట్టే పేరు రాయలేదు" అనుకుంటాడు. పేరు రాస్తే నోటీసు, రాయకపోతే అపనమ్మకం.

నేనెలా చదువుతానని మీ అధ్యాపకులు అడిగారు. ముందు తేదీ చూస్తాను. పాస్‌పోర్టుకు ఏం కావాలో పదిహేనేళ్ల కిందట రాసిన టపా ఇప్పటికీ వెతుకులాటలో పైనే వస్తుంది, రాసినప్పుడు నిజం, ఇప్పుడు కాదు. తర్వాత, ఈ విషయం ఈ మనిషికి ఎలా తెలుసు అని చూస్తాను. చేసే పనా, విన్నదా, ఎక్కడో చదివిందా? పాత తప్పు ఒకటి ఎవరైనా ఎత్తి చూపినప్పుడు ఏం చేశాడో చూస్తాను. ఇందులో బ్లాగర్లలో మంచివాళ్లు పేపర్ల కంటే చాలా ముందున్నారు. తప్పు లైనును కొట్టేసినట్టు గీత గీసి, పక్కన సరైనది రాసి, చెప్పినవాళ్లకు థాంక్స్ చెబుతారు. తప్పు ఎక్కడ పడిందో సవరణ అక్కడే. పేపర్లో మొదటి పేజీలో ఐదు కాలాల తప్పుకు లోపలి పేజీలో సింగిల్ కాలమ్ సవరణ వేస్తారు, అదీ వేస్తే. ది హిందూ 2006లో పాఠకుల సంపాదకుడు అని ఒకరిని నియమించి రోజూ సవరణలు వేయడం మొదలుపెడితే, మా డెస్కులో కొందరు "ఇన్ని తప్పులు రాస్తారా వీళ్లు?" అని నవ్వారు. మేం రాయనట్టు!

డబ్బు సంగతి కూడా చూస్తాను. మీరు పేపరుకిచ్చే రూపాయలు దాని కాగితం ఖర్చుకే చాలవు, మిగతాది ప్రకటనదారుడిది, ప్రభుత్వానిది. బ్లాగర్‌కు ఫోను ఉచితంగా పంపి రివ్యూ రాయించుకునే కంపెనీలూ వచ్చాయి. "ఈ ఫోను నాకు కంపెనీ ఇచ్చింది" అని మొదటి లైన్లో రాసినవాణ్ని చదువుతాను. పెళ్లి సంబంధం చూసేటప్పుడు మధ్యవర్తికి ఎంత ముడుతోందో కూడా కనుక్కుంటాం కదా, ఇదీ అంతే.

ఇంక ప్రశ్నలు అడగండి. మైకు ఆ చివరికి ఇవ్వండి బాబూ.

(ఒక పాఠకుడు: అమ్మా, ఇప్పుడు బ్లాగులెవరు చదువుతున్నారండీ? అంతా యూట్యూబు, వాట్సాపే కదా. ఈ చర్చ పాతబడిపోలేదా?)

బ్లాగు అనే రూపం పలచబడింది, ఒప్పుకుంటానండి. రాసేవాళ్లు ఫేస్‌బుక్‌కు, వీడియోలకు వెళ్లిపోయారు. కానీ దానివల్ల మనం పోగొట్టుకున్నది ఒకటుంది. బ్లాగుకు ఇంప్రింట్ లైన్ లేకపోయినా, ఒక చిరునామా ఉంది. నిన్న ఏం రాశాడు, మూడేళ్ల కింద ఏం రాశాడు అన్నీ ఒకచోట ఉంటాయి, మనిషిని అంచనా వేయొచ్చు. వాట్సాపులో వచ్చినదానికి అదీ లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వచ్చిన మెసేజీలు గుర్తున్నాయా? ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరిగారు ఊరికో కానిస్టేబుల్‌ను పంపి, డప్పుతో పాటలు పాడించి మరీ నమ్మొద్దని చెప్పించాల్సి వచ్చింది. దాంతో పోలిస్తే బ్లాగులు ఎంతో పద్ధతైనవి. యూట్యూబులో చెప్పేవాళ్లకూ ఇదే కొలత పెట్టండి. ఆ మాట ఎక్కడిదో వీడియో కింద లింకు ఇచ్చారా? ఇవ్వకపోతే వాళ్ల కెమెరా మంచిదని మాత్రమే తెలుస్తుంది.

(ఒక విద్యార్థిని: మేడమ్, మేం వచ్చే ఏడాది ఉద్యోగాల్లో చేరతాం. బ్లాగులో చూసిన విషయాన్ని వార్తగా రాయొచ్చా? రాస్తే ఆ బ్లాగు పేరు వేయాలా?)

రాయొచ్చమ్మా. కానీ బ్లాగులో ఉన్నది నీకు దొరికిన ఆచూకీ మాత్రమే, వార్త కాదు. రాసినవాళ్లకు మెయిల్ పెట్టు, ఫోను దొరికితే మాట్లాడు, మీకెలా తెలుసని అడుగు. కాగితం ఉందంటే తీసుకో. తర్వాత ఎవరి మీద రాశారో వాళ్లకు ఫోన్ చెయ్యి. పేజీని అప్పుడే సేవ్ చేసి పెట్టుకో, సాయంత్రానికి ఉండకపోవచ్చు.

పేరు వేయాలా అంటే, వేసి తీరాలి. మన దగ్గర ఆ అలవాటు దారుణంగా ఉంది. బ్లాగరు నెలరోజులు తిరిగి ఊరి శాసనం మీద రాస్తే, ఆదివారం అనుబంధంలో అదే వ్యాసం, అవే ఫోటోలు, కింద ఇంకెవరిదో పేరు. అడిగితే "నెట్ నుంచి తీసుకున్నాం" అంటారు, నెట్ ఏదో మన పెరట్లో మామిడిచెట్టు అయినట్టు. నువ్వు రాసిన కాపీలో "ఫలానా బ్లాగులో ఫలానావారు మొదట రాశారు" అని రెండో పేరాలోనే పెట్టు. డెస్కువాళ్లు జాగా లేదని మొట్టమొదట కోసేసేది ఆ లైనే, నేనూ అక్కడ కూర్చున్నదాన్నే, నాకు తెలుసు. అందుకే దాన్ని విడి వాక్యంగా రాయకు. అసలు విషయం ఉన్న వాక్యంలోనే ఇరికించు. కొయ్యాలంటే వార్త కూడా కొయ్యాల్సి వచ్చేట్టు.